డెల్టాలో విమానాశ్రయం: శంకుస్థాపనకు ముందే తేలాల్సిన లెక్కలు

గోదావరి జిల్లాల జనం విమానం ఎక్కడానికి వెళ్లే మధురపూడి నిజానికి డెల్టాలో లేదు. రాజమండ్రికి ఉత్తరాన, కోరుకొండ వైపు, సముద్ర మట్టానికి నలభై మీటర్లకు పైన మెట్ట నేల మీద ఉంది. అక్కడ 1,749 మీటర్ల రన్‌వేని 3,165 మీటర్లకు పెంచగలిగారంటే భూసేకరణ, నిధులు ఒక ఎత్తు, కింద గట్టి నేల ఉండటం మరో ఎత్తు. అదే పని ధవళేశ్వరం దిగువన చేయాలంటే లెక్కలన్నీ మారిపోతాయి. నది గౌతమిగా, వసిష్ఠగా చీలి సముద్రం దాకా పరిచిన ఒండ్రు నేల వరికి, కొబ్బరికి వరం. రన్‌వేకి మాత్రం కాదు.

అయినా డెల్టాకి దగ్గర్లో విమానాశ్రయం కావాలన్న మాట తరచూ వినిపిస్తూనే ఉంటుంది. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాల కోసం పరిశీలనకు తీసుకున్న ఊళ్లలో తాడేపల్లిగూడెం పేరూ, తుని–అన్నవరం పేరూ ఉన్నాయి. ఇలాంటి ప్రతిపాదన రాగానే వార్తల్లో కనిపించే మొదటి మాట ‘కన్సల్టెన్సీ నియామకం’. చాలామంది దృష్టిలో కన్సల్టెంట్ అంటే కోట్లు తీసుకుని లావుపాటి రిపోర్టు ఇచ్చిపోయేవాడు. అలాంటి రిపోర్టులూ లేకపోలేదు. కానీ డెల్టా లాంటి చోట ప్రాజెక్టు నిలబడేదీ, మునిగేదీ ఆ తొలి దశ అధ్యయనాల్లోనే. మొత్తం ఖర్చులో అతి చిన్న వాటా వాటిదే, కోత పెట్టాలనుకున్నప్పుడు మొదట కత్తెర పడేదీ వాటికే.

మొదటి ప్రశ్న ప్రయాణికులు ఎంతమంది అన్నది. భీమవరం నుంచి గన్నవరం, మధురపూడి రెండూ దాదాపు సమాన దూరంలో ఉంటాయి. తాడేపల్లిగూడెం నుంచి గీత గీస్తే ఈ రెండూ వంద కిలోమీటర్ల లోపే. 2008 నాటి గ్రీన్‌ఫీల్డ్ (ఖాళీ స్థలంలో కొత్తగా కట్టే) విమానాశ్రయాల విధానం ప్రకారం, ఉన్న పౌర విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు కొత్తది కట్టాలంటే పాతదాని మీద పడే ప్రభావాన్ని కేంద్రం విడిగా పరిశీలిస్తుంది. అంటే కన్సల్టెంట్ చెప్పాల్సింది ‘ఈ జిల్లాలో ఇంత జనాభా ఉంది, ఇన్ని ఆక్వా చెరువులున్నాయి, ఇంతమంది విదేశాల్లో ఉన్నారు’ అని కాదు. వీళ్లలో ఎంతమంది గన్నవరం మానేసి ఇక్కడికి వస్తారు? వాళ్లు వస్తే మధురపూడి నుంచి ఏ సర్వీసులు రద్దవుతాయి? ఉన్న రోడ్డునే బాగుచేసి గంట ప్రయాణాన్ని అరగంట తగ్గిస్తే ఈ డిమాండ్ ఎంత మిగులుతుంది? మూడో ప్రశ్నకు జవాబు చాలా రిపోర్టుల్లో ఉండదు, ఎందుకంటే రోడ్డు వేరే శాఖది.

టెర్మినల్ సైజు దగ్గర మరో చిక్కు వస్తుంది. సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరు, అమెరికా నుంచి వచ్చేవాళ్లతో ఇక్కడి విమానాలు కిక్కిరిసిపోతాయి, టికెట్ రేట్లు ఆకాశానికి అంటుతాయి. భోగి ముందు రోజు సాయంత్రం రద్దీ చూసి టెర్మినల్ కడితే మిగతా పదకొండు నెలలు ఖాళీ హాలుకి ఏసీ వేయాలి. అందుకే ఈ రంగంలో ఏడాది మొత్తంలో అత్యంత రద్దీ గంటను కాకుండా, రద్దీ వరసలో ముప్ఫయ్యో గంటను ప్రమాణంగా తీసుకునే పద్ధతి ఒకటి చాలాకాలంగా ఉంది. పండగ నాలుగు రోజులు కొంచెం ఇరుకుగా సర్దుకోవాల్సిందే. ఈ మాట స్థానిక నాయకులకు చెప్పడం కన్సల్టెంట్ పనిలో కష్టమైన భాగాల్లో ఒకటి.

రన్‌వే పొడవు, దిశ మాత్రం లెక్కల వ్యవహారం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పాత లెక్క ప్రకారం, ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే ఎక్కువున్న ప్రతి డిగ్రీకి రన్‌వే ఒక శాతం పెరగాలి. సముద్ర మట్టంలో ఆ ప్రమాణం 15 డిగ్రీలు. డెల్టాలో మే నెల వేడిని 38 అనుకుంటే 23 శాతం అదనం. మామూలుగా 2,100 మీటర్లు సరిపోయే విమానానికి ఇక్కడ 2,600 దగ్గర కావాలి. ఇక గాలి. క్రాస్‌విండ్ వల్ల, అంటే రన్‌వేకి అడ్డంగా వీచే గాలి వల్ల, దాన్ని వాడలేని సమయం ఐదు శాతం దాటకూడదు, దానికి కనీసం ఐదేళ్ల గాలి రికార్డులు చూడాలి. నైరుతి, ఈశాన్య రుతుపవనాల మధ్య బతికే ఈ ప్రాంతంలో మధురపూడి రన్‌వే 05/23 దిశలో, అంటే నైరుతి నుంచి ఈశాన్యానికి ఉండటం ఆశ్చర్యం కాదు.

అసలు కథ నేలలో ఉంది.

డెల్టాలో బోరు వేసి నేల పరీక్షించే దృశ్యం చూస్తే విషయం అర్థమవుతుంది. మూడు కాళ్ల స్టాండు కట్టి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. కింద ఉన్న గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టిందో కుర్రాడు నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. గట్టి మెట్ట నేలలో ముప్ఫై, నలభై దెబ్బలు పడతాయి. మెత్తటి బంకమట్టిలో ఒకటి, రెండు. కొన్ని చోట్ల దెబ్బ వేయకుండానే రాడ్ల బరువుకి గొట్టం దిగిపోతుంది. అప్పుడు నోట్‌బుక్‌లో పడేది సున్నా. ఆ సున్నాతో డిజైన్ చేయడానికి ఏమీ ఉండదు. మెత్తటి మట్టికి ఈ పరీక్ష సరిపోదు. నేలలోనే నాలుగు రెక్కల పరికరాన్ని తిప్పి బలం కొలిచే వేన్ షియర్ పరీక్ష, లోపలి నీటి ఒత్తిడిని కూడా కొలుస్తూ దిగే కోన్ పరీక్ష, మట్టి చెదరకుండా తీసిన నమూనాలతో బరువు కింద మట్టి ఎంత కుదించుకుంటుందో ల్యాబ్‌లో రోజుల తరబడి చూసే కన్సాలిడేషన్ పరీక్ష కావాలి. వీటికి ఖర్చు ఎక్కువ, సమయం ఇంకా ఎక్కువ. టెండర్‌లో ‘బోర్లు ఇన్ని’ అని మాత్రమే రాసి ఏ పరీక్షలో రాయకపోతే, తక్కువ రేటు వేసినవాడు సుత్తి పరీక్షతో సరిపెట్టేస్తాడు. అతన్ని తప్పుపట్టడానికీ లేదు, అడిగింది అదే కాబట్టి.

ఇంతకంటే కీలకం బోర్లు ఎక్కడ వేశారన్నది. ప్రతి 200 మీటర్లకో బోరు అని సమానంగా చుక్కలు పెట్టడం మ్యాపు మీద అందంగా ఉంటుంది. డెల్టా నేల మాత్రం సమానంగా ఉండదు. పాత ఏటి పాయ పూడిపోయిన చోట ఇసుక, దాని పక్కనే బంకమట్టి, ఇంకొంచెం దూరంలో నిన్నమొన్నటిదాకా రొయ్యల చెరువుగా ఉండి పూడ్చేసిన గొయ్యి, దాని అడుగున మడ్డి. రన్‌వే అంతా ఒకేలా పావు మీటరు దిగినా పైలట్‌కి పెద్ద ఇబ్బంది లేదు. ఒకచోట దిగి పక్కన దిగకపోతేనే ప్రమాదం. 78 టన్నుల దాకా తూగే ఏ320 విమానం వేగంగా పోతున్నప్పుడు ఆ ఎగుడుదిగుడు చక్రాలకు తెలుస్తుంది. వాన పడితే ఆ పల్లంలో నీళ్లు నిలుస్తాయి, అది మరీ ప్రమాదం. అందుకని బోర్ల మ్యాపు గీసేముందు గ్రామ పటాలు, పాత ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టుకుని ఏది ఎప్పుడు చెరువు, ఏది ఎప్పుడు కోడు అని చూడాలి. ఊళ్లో డెబ్బై ఏళ్ల రైతు అయితే చెరువుని ఏ ఏడు పూడ్చారో చెప్పేస్తాడు. ఆ సంభాషణకి కన్సల్టెన్సీ ఒప్పందంలో ఒక్క రోజు జీతం కూడా కేటాయించకపోవడం ఈ రంగంలో మామూలే.

మెత్తటి మట్టిని గట్టిపరచడానికి మార్గాలున్నాయి. బరువు పెడితే మట్టిలో నీరు మెల్లగా బయటికి పోతుంది, మట్టి కుదించుకుని గట్టిపడుతుంది. 1925లో నేల ఇంజినీరింగ్ నిపుణుడు టెర్జాఘీ చెప్పిన సూత్రం ప్రకారం ఇందుకు పట్టే సమయం, నీరు నడవాల్సిన దూరం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. దూరం సగమైతే సమయం పావు. పది మీటర్ల బంకమట్టి పొర నుంచి నీరు పైకీ కిందికీ పోగలిగినా, మధ్యలోని నీరు ఐదు మీటర్లు నడవాలి, దానికి ఏళ్లు పడుతుంది. అదే మీటరు, మీటరున్నర ఎడంలో నిలువుగా ప్లాస్టిక్ డ్రెయిన్లు దింపితే నీరు పక్కకి అర మీటరు చిల్లర నడిస్తే చాలు. ఏళ్ల పని నెలల్లోకి వస్తుంది. పైన తాత్కాలికంగా అదనపు మట్టి గుట్ట వేసి, అనుకున్నంత దిగాక తీసేస్తారు.

నెలల్లోకి వస్తుంది, రోజుల్లోకి కాదు. ఆ మట్టి గుట్ట పది నెలలు కదలకుండా ఉండాలని డిజైన్ చెబితే, ఆ పది నెలలూ చూసేవాళ్లకి సైట్‌లో ఏ పనీ జరగనట్టే ఉంటుంది. ‘పనులు నిలిచిపోయాయి’ అని వార్తలు వస్తాయి. మంత్రి అడుగుతాడు, కలెక్టర్ అడుగుతాడు. ఆరో నెలలో గుట్ట తీసేసి పేవ్‌మెంట్, అంటే రన్‌వే పైపొర, మొదలెట్టమని ఒత్తిడి వస్తే ‘కుదరదు’ అని కాగితం మీద రాసి సంతకం పెట్టగలిగిన ఇంజినీరు ఉన్నాడా లేడా అన్నదే మొత్తం కన్సల్టెన్సీ విలువ. జపాన్‌లో సముద్రం మీద దీవి పోసి 1994లో తెరిచిన కన్సాయ్ విమానాశ్రయం ఇందుకు పెద్ద పాఠం. అంత డబ్బు, అంత సాంకేతికత ఉన్నా మొదటి దీవి పది మీటర్లకు పైగా దిగింది. అయితే నేల దిగుతుందని ముందే ఒప్పుకుని, టెర్మినల్ స్తంభాలను జాకీలతో ఎత్తి సరిచేసుకునే ఏర్పాటు డిజైన్‌లోనే పెట్టారు. అందుకే అది నేటికీ నడుస్తోంది.

ఇక ఎత్తు లేపడం. వరద మట్టానికి పైన ఉండాలంటే డెల్టాలో రన్‌వేని మెరక చేయాలి. పెద్ద విమానాల రన్‌వే చుట్టూ ఉండాల్సిన చదును పట్టీ వెడల్పు 280 మీటర్లు. మూడు కిలోమీటర్ల పొడవున రెండు మీటర్లు లేపాలన్నా సుమారు 17 లక్షల ఘనపు మీటర్ల మట్టి. ఒక టిప్పర్ 15 ఘనపు మీటర్లు మోస్తే లక్షా పదివేలకు పైగా ట్రిప్పులు. ఇందులో టాక్సీవే (రన్‌వేకి వెళ్లే దారి), ఏప్రాన్ (విమానాలు ఆగే చోటు), టెర్మినల్ లెక్క లేదు, నేల దిగినందువల్ల పోయే మట్టీ లేదు. డెల్టాలో గ్రావెల్ దొరకదు. మెట్ట నుంచి, కొండల నుంచి తేవాలి. ఆ టిప్పర్లన్నీ కాలవ గట్ల మీది రోడ్లపైనే రావాలి. ఆ రోడ్లు ఏమవుతాయో ఇళ్ల స్థలాల మెరక కోసం నాలుగు టిప్పర్లు తిరిగిన ఊళ్లవాళ్లనడిగినా చెబుతారు. క్వారీ ఎక్కడ, అనుమతి ఉందా, దారి ఏది, కల్వర్టులు ఆ బరువు ఆపుతాయా అన్నది డీపీఆర్‌లోనే (సమగ్ర ప్రాజెక్టు నివేదికలోనే) తేలకపోతే కాంట్రాక్టర్ పని మొదలయ్యాక ‘లీడ్ పెరిగింది’, అంటే మట్టి మోసే దూరం పెరిగింది అని క్లెయిమ్ వేస్తాడు. అది ఆర్బిట్రేషన్ దాకా పోతుంది.

మట్టి వేసి లేపిన రన్‌వే నీటి దృష్టిలో మూడు కిలోమీటర్ల గట్టు. డెల్టాలో పల్లం చాలా స్వల్పం. పొలాల నీరు పంట కాలవల నుంచి వచ్చి మురుగు కాలవల్లోకి, అక్కడి నుంచి సముద్రంలోకి వెళ్తుంది. ఆ దారికి అడ్డంగా గట్టు పడితే ఎగువ పొలాల్లో సార్వా నాట్లు మునుగుతాయి. కల్వర్టులు పెడతాం అంటారు. ఎన్ని, ఎంత వెడల్పు? మామూలు వాన లెక్కకి సరిపోయేవి తుపాను రోజు సరిపోవు, ఎందుకంటే ఆ రోజు సముద్రం పోటు మీద ఉంటుంది, మురుగు కదలదు. 1996 నవంబర్‌లో కోనసీమని ఊడ్చేసిన తుపాను చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. నది వైపు నుంచి ముప్పు వేరు: 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునగడం ఏటా ఉండేదే, ఆ ఏడు గట్లే తెగాయి. వాన, పోటు, వరద మూడూ ఒకేసారి వస్తే నీరు ఎంత ఎత్తు నిలుస్తుందన్నది కంప్యూటర్ మోడల్‌తో లెక్కకట్టాలి. వాటిని విడివిడిగా లెక్కగట్టిన రిపోర్టు చూడటానికి బాగానే ఉంటుంది.

దక్షిణాది రాష్ట్రాల అనుభవాలు దూరమేం కాదు. చెన్నైలో రెండో రన్‌వేని అడయార్ నది మీదుగా కట్టారు. 2015 డిసెంబర్ వరదల్లో విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. కొచ్చి విమానాశ్రయం 2018 ఆగస్టు వరదల్లో రెండు వారాలు మూసేశారు. రెండు చోట్లా నిపుణుల కొరత లేదు. నీటి దారిలో కూర్చున్నాక నీరు తన దారి అడిగింది, అంతే. డెల్టాలో నీటి దారి తెలిసినవాళ్లు జలవనరుల శాఖ లస్కర్లు, నీటి సంఘాల రైతులు. ఏ తూము ఎప్పుడు ఎగదన్నుతుందో వాళ్లకి తెలిసినంత ఏ మోడల్‌కీ తెలియదు. మోడల్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించడానికి వాళ్ల జ్ఞాపకాలు కావాలి: ఫలానా ఏడు నీరు ఆ గుడి మెట్టు దాకా వచ్చిందని ఎవరైనా చెబితే, మోడల్ ఆ మెట్టు దాకా చూపించాలి.

చెట్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. రన్‌వే చివర 60 మీటర్ల అవతల నుంచి రెండు శాతం వాలుతో ఊహా తలం ఒకటి పైకి లేస్తుంది, దాన్ని ఏదీ పొడవకూడదు. ఇరవై మీటర్ల కొబ్బరి చెట్టు ఆ మొదలు నుంచి కనీసం కిలోమీటరు దూరంలో ఉండాలి. కోనసీమలో ఆ కిలోమీటరులో ఎన్ని చెట్లుంటాయో ఊహించుకోవచ్చు. ఆ చెట్లు చాలావరకు విమానాశ్రయం కోసం సేకరించిన భూమి బయట ఉంటాయి. అంటే భూమి రైతుదే, చెట్టు మాత్రం కొట్టాలి, మళ్లీ కొబ్బరి వేయకూడదు. దీనికి పరిహారం ఏ పద్దు కింద ఇవ్వాలన్నది సర్వే దశలోనే అడగాలి. పక్షుల విషయం ఇంకా ఇబ్బందికరం. 1937 నాటి విమాన నిబంధనల ప్రకారం విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు జంతువధ, చెత్త పడేయడం నిషేధం. రొయ్యల, చేపల చెరువుల గురించి అందులో మాట లేదు. కానీ చెరువు ఎండగట్టి పట్టుబడి చేసే రోజు కొంగలు ఎన్ని దిగుతాయో, దాళ్వా దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ వెనక ఎన్ని నడుస్తాయో భీమవరం చుట్టుపక్కల అందరికీ తెలుసు. జిల్లా ఆర్థికం నిలబెట్టే చెరువులను మూయించలేరు. అందుకే ఏడాది పొడవునా, నెలనెలా పక్షుల లెక్క తీయాలి, ఒక్క వేసవిలో వారం రోజులు తిరిగి రాసిన లెక్క పనికిరాదు.

భూమి విషయంలో చట్టం ఇప్పటికే ఒక మాట చెప్పింది. 2013 భూసేకరణ చట్టం పదో సెక్షన్ ప్రకారం, సాగునీటి వసతి ఉండి ఒకటికి మించి పంటలు పండే భూమిని వేరే దారి లేనప్పుడే తీసుకోవాలి. సార్వా, దాళ్వా రెండూ పండే డెల్టాలో దాదాపు ప్రతి ఎకరం దీని కిందికి వస్తుంది. ‘వేరే దారి లేదు’ అని రుజువు చేయాలంటే వేరే దారులను నిజంగా పరిశీలించాలి. మెట్ట అంచున ఉన్న చోట్లు, ఉన్న విమానాశ్రయాన్నే పెంచడం, రోడ్డు, రైలు, అన్నీ ఒకే పట్టికలో ఒకే కొలమానంతో పెట్టాలి. మధురపూడిని పెంచడమే అన్నిటికన్నా చవకని తేలితే రిపోర్టు ఆ మాటే రాయాలి. ఇక్కడే కన్సల్టెంట్ జేబు అడ్డం వస్తుంది. సాధ్యత నివేదిక ‘వద్దు’ అంటే ఆ సంస్థకి తర్వాతి డీపీఆర్ లేదు, నిర్మాణ పర్యవేక్షణ లేదు. ‘సాధ్యమే’ అంటే పదేళ్ల పని. రెంటికీ వేర్వేరు సంస్థలను పెట్టి, సాధ్యత అధ్యయనం చేసినవాళ్లకి తర్వాతి పనుల్లో పోటీపడే వీలు లేదని ముందే షరతు రాస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఎంపికలో ఎల్-1 పద్ధతి, అంటే తక్కువ కోట్ చేసినవాడికే పని, రోడ్డు మరమ్మతుకి సరిపోవచ్చు. మేధోపనికి సరిపోదు. నాణ్యతకు ఎక్కువ మార్కులు, ధరకు తక్కువ మార్కులు ఇచ్చే పద్ధతి ప్రభుత్వ నిబంధనల్లో ఉంది. దాన్ని వాడినా ఒక లొసుగు మిగులుతుంది: టెండర్‌లో పెద్ద పెద్ద నిపుణుల బయోడేటాలు, సైట్‌లో నిన్న కాలేజీ నుంచి వచ్చిన కుర్రాళ్లు. పేరిచ్చిన మనిషి నెలకు ఎన్ని రోజులు సైట్‌లో ఉండాలో ఒప్పందంలో రాసి, హాజరు చూశాకే బిల్లు పాస్ చేయడం ఒక్కటే దీనికి మందు.

నిర్మాణం మొదలయ్యాక వచ్చే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ల పని ఇతర పెద్ద పనుల లాంటిదే: కొలతలు, నాణ్యత, బిల్లులు, గడువులు. చివరి దశ ప్రత్యేకం. భవనం పూర్తవడం వేరు, విమానాశ్రయం నడవడం వేరు. 2008 మార్చిలో లండన్ హీత్రూ ఐదో టెర్మినల్ తెరిచిన రోజే లగేజీ వ్యవస్థ కుప్పకూలింది. బెర్లిన్ కొత్త విమానాశ్రయం 2012లో తెరవడానికి వారాల ముందు అగ్నిమాపక లోపాలతో ఆగి, 2020 అక్టోబర్‌లో గానీ తెరుచుకోలేదు. సిబ్బందితో, సామాన్లతో, ఉత్తుత్తి ప్రయాణికులతో నెలల ముందు నుంచి రిహార్సల్స్ చేయించడం ఇప్పుడు విడి కన్సల్టెన్సీ పనే అయింది. చిన్న ఊరి టెర్మినల్‌కి అంత అవసరం లేదు. కరెంటు పోతే జనరేటర్ ఎన్ని సెకన్లకి అందుకుంటుంది, రన్‌వే లైట్లు ఏమవుతాయి అన్నది మాత్రం తుపాను ప్రాంతంలో ముందే చూసుకోవాలి.

డెల్టాలో రిబ్బన్ కట్ చేసిన తర్వాత కూడా ఒక పని మిగిలే ఉంటుంది. మెత్తటి నేల మీద కట్టిన రన్‌వే తెరిచాక కూడా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. నేల ఎంత దిగిందో చూపేందుకు పాతిన సెటిల్‌మెంట్ ప్లేట్లు, నీటి ఒత్తిడి కొలిచే గొట్టాల రీడింగులను ఎవరో ఒకరు క్రమం తప్పకుండా తీసి, అంచనాతో పోల్చి, తేడా వస్తే రన్‌వే ఎప్పుడు మళ్లీ పరచాలో చెప్పాలి. సాధారణంగా డిజైన్ సంస్థ అప్పటికే బిల్లు తీసుకుని వెళ్లిపోయి ఉంటుంది, కాంట్రాక్టర్ లోపాల బాధ్యత గడువు ముగుస్తుంది, విమానాశ్రయ సిబ్బందికి ఆ ప్లేట్లు ఎక్కడున్నాయో కూడా తెలియదు. ఒప్పందం రాసేటప్పుడే తొలి పదేళ్ల రీడింగుల బాధ్యత ఎవరిది, డబ్బు ఏ పద్దు నుంచి, లెక్కలు ఎవరి దగ్గర ఉండాలి అన్నది ఒక పేజీలో రాసుకోవచ్చు. బిల్లులో చివరి ఐదు శాతాన్ని ఆ రీడింగులు వచ్చేదాకా ఆపి ఉంచితే, ఆ పేజీని సంస్థలు టెండర్ దశలోనే శ్రద్ధగా చదువుతాయి.